పేరు అడగని ఇల్లు

బస్సు బోర్డు మీద నాగాయలంక అన్న పేరు కనిపిస్తే చాలు, ఇప్పటికీ తల తిప్పుకుంటాను. ఇన్నేళ్ళుగా ఈ బరువు మోస్తూ ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు కనుక చెప్పగలుగుతున్నానేమో.

మాది గుడివాడ దగ్గర వరి పండించే ఊరు. సముద్రం గురించి నాకు ఓనమాలు తెలియవు. అయినా, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఉగ్రవాదం మీద, దేశ భద్రత మీద పరిశోధన చేసే ఒక ప్రైవేటు సంస్థ నన్ను తాత్కాలికంగా తీసుకుని దివిసీమ తీరం చూసి రమ్మంది. పనికొచ్చేది ఏదైనా పట్టుకొస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. అక్కడ పట్టుకోవడానికి ఏముంది? వలలు, చేపలు, ఉప్పుగాలి.

నాగాయలంక దగ్గర ఒక ఊళ్ళో నాంచారయ్య అనే పడవ యజమాని నాకు ఇంట్లో అన్నం పెట్టాడు. మాటల్లో, కిందటి తుఫానుకి ఇంజను చెడి కొట్టుకొచ్చిన నలుగురు పరాయి రాష్ట్రం జాలర్లను ఇంట్లో ఉంచుకున్నానని చెప్పాడు.

"వాళ్ళ పేర్లేంటి?" అన్నాను.

"అడగలేదు బాబూ. ఒడ్డున పడ్డోళ్ళని ముందు పేరడగరండి మా వాళ్ళు. అన్నం పెడతారు. డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు మాకు పెట్టినోళ్ళు మా పేర్లడిగారా ఏంటి?"

ఆ మాట నాకెంత నచ్చిందో! మరి రిపోర్టులో ఏం రాశాను? తీరానికి వచ్చిన నలుగురు అపరిచితులకు ఇతను ఆశ్రయమిచ్చాడని, పేర్లు అడగలేదని. అందులో ఒక్క అబద్ధం లేదు. తుఫాను లేదు, చెడిన ఇంజను లేదు, అంతే. మరిచిపోయానా? లేదు. రాసి కొట్టేశాను.

రిపోర్టు పై అధికారుల దాకా వెళ్ళింది. నా ఉద్యోగం ఖాయమైంది. నాంచారయ్యను పోలీసులు తీసుకెళ్ళారు. వేట జోరుగా సాగే రోజుల్లో ఆయన పడవ ఒడ్డునే ఉండిపోయింది. ఏమీ దొరక్క వదిలేశారని తెలిశాక, నిజం చెప్పేద్దామని వెళ్ళాను.

ఆ రోజు ఈదురుగాలి, వాన. ఆయన భార్య నాకు కంచం పెడుతుండగా, తడిసి ముద్దయిన ఇద్దరు గుమ్మంలోకి వచ్చి మంచినీళ్ళు అడిగారు. పడవ చెడిందట. ఆమె చెంబు అందుకుంది. నాంచారయ్య ఆపాడు.

"పేర్లేంటి, ఏ ఊరు? ముందు స్టేషన్లో చెప్పి రండి. నీళ్ళు తర్వాత."

ఆమె చెంబు కింద పెట్టేసింది. వాళ్ళు వానలోకి వెళ్ళిపోయారు. ఆయన నా వైపు తిరిగాడు.

"మీరు తినండి బాబూ. మీరు తెలిసినోళ్ళు."

నేను తిన్నాను. చెప్పడానికి వెళ్ళినవాణ్ణి, చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

ఆయన ఇప్పుడు ఉన్నాడో లేడో. కనుక్కోవడానికి భయం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఆయన్ని పట్టించింది నేనే. ఇదిగో, రాశాను. ఈసారి కొట్టెయ్యను.