చెవులు కనిపించాలి

మా బావకు యాభై రెండేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు ఒకే మాట చెబుతూ గడిపేశాడు. "చెవులు కనిపించాలి. నోరు మూయండి. గడ్డం కొంచెం కిందికి. కదలకండి." ఆయనది పాస్‌పోర్టు సైజు ఫొటోల స్టూడియో. తీసేది ఆయన, కత్తిరించేది నేను. బట్టతల మీద మెరుపు తగ్గించడం, కాలర్ మీద దారప్పోగు తుడిచేయడం, ఎనిమిది ముఖాలు ఒక కాగితం మీద పరిచి కట్టర్ కింద పెట్టడం నా పని. మా చుట్టుపక్కల సగం మంది గుర్తింపు కార్డుల మీద ఉన్నది మా చేతిపనే. అందులో తన ముఖం నచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఈ జబ్బు ఇంటికీ పాకింది. బావ కెమెరా పైకెత్తితే చాలు, మా అక్క జుట్టు చెవుల వెనక్కి తోసుకుని, నోరు బిగించి, గడ్డం కొంచెం కిందికి దించుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో లైట్లు సరిచూసుకోవడానికి బావ రోజూ పొద్దున్నే ఆమెనే స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. ఓసారి సముద్రం చూడ్డానికి వెళ్లాం. మోకాలి లోతు నీళ్లలో, వెనక అంతెత్తు అల లేస్తుంటే, అక్క మాత్రం ఏదో ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డట్టు నిలబడింది. ఆ ఫొటో చూసినప్పుడల్లా నేను నవ్వుతాను. బావ నవ్వడు.

పోయిన ఏడాది నుంచి గిరాకీ పలచబడింది. ఫోన్లో తామే ఫొటో తీసుకుని, వెనక గోడ తెల్లగా చేసుకుని, "ఇది కాగితం మీద వేసివ్వండి చాలు" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. బావ చేతులకు పని తగ్గింది, కాళ్లకు పెరిగింది. గుమ్మం దగ్గర్నుంచి తెల్లగుడ్డ దాకా, తెల్లగుడ్డ దగ్గర్నుంచి గుమ్మం దాకా, కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. ఓ రోజు కాలేజీ పిల్ల ఒకతె పెన్ డ్రైవ్ నా చేతికిచ్చి, గోడకున్న కెమెరానూ బావనూ చూసి అడిగింది.

"అంకుల్, ఆయన నిజంగా ఫొటోగ్రాఫరా?"

నేను నవ్వుతూ అవునన్నాను. బావ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని అక్క చెప్పింది. వారం తిరక్కుండానే ఆన్‌లైన్ క్లాసులో చేరాడు.

చెప్పేది పెద్ద పేరున్న ఫొటోగ్రాఫరు. ఛాతీ మీదికి తెల్లటి గడ్డం. మేం గడ్డం మాస్టారనేవాళ్లం. పన్నెండు పాఠాలు, అన్నీ ముందే రికార్డు చేసి పెట్టినవే. ఆఖర్న ఒక పరీక్ష. మీ ఇంట్లో మనిషిని ఒకరిని ఫొటో తీసి పంపండి, వాటిలో పది ఏరి, ఆదివారం నాడు అందరి ముందూ నేనే మాట్లాడతాను అన్నాడు మాస్టారు.

నాకు ఈ వ్యవహారం మొదట్నుంచీ గిట్టలేదు. దూరపు కొండలు నునుపు. వంట వీడియో చూసి కడుపు నింపుకున్నవాడు ఎవడైనా ఉన్నాడా? ఆయన మంచుకొండల మీద నిలబడి వెలుగు గురించి చెబితే, పది అడుగుల గదిలో రెండు గొడుగు లైట్ల మధ్య మా బావ దాన్నేం చేసుకుంటాడు? అదే అన్నాను. అంటే ఒంటికాలి మీద లేచాడు.

"ఒరే, నీకు కట్టరు తప్ప ఏం తెలుసురా? ఈ పరీక్షతో తేలిపోవాలి. నేను ఫొటోగ్రాఫర్నో కాదో ఆయన నోటితోనే వినాలి. కాదని తేలితే కెమెరా అటకెక్కించి జెరాక్స్ మిషను పెట్టుకుందాం. ఇద్దరం కాగితాలు తిప్పుకుందాం."

ఆయన మాటంటే మాటే. నాకు భయం వేసింది.

క్లాసులు ఇంట్లో వినేవాడు, ముందుగదిలో, లాప్‌టాప్ సౌండు పూర్తిగా పెంచి. ఒక చెవి కొంచెం మందం. అక్క వంటింట్లో తన పనిలో తను. మూడో పాఠం అయిన మర్నాడే మా కొంప మునిగింది. వెలుగు ఒక పక్క నుంచే రావాలి, సగం ముఖం నీడకు వదిలేయాలి అన్నాడట మాస్టారు. బావ కుడివైపు లైటు ఆర్పేశాడు. ఆ పూట వచ్చింది ఒక నర్సమ్మ, ఉద్యోగం దరఖాస్తుకు ఫొటో కావాలని. నేను నీడ తీసేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. మూడోరోజు ఆమె ఫొటోలు బల్ల మీద పడేసింది.

"కౌంటర్లో ఏమన్నారో తెలుసా? 'మిగతా సగం ముఖం ఎప్పుడు తెస్తారమ్మా' అన్నారు!"

గడువు ఆ సాయంత్రం దాకా ఉంది కాబట్టి సరిపోయింది, అప్పటికప్పుడు మళ్లీ తీసిచ్చాం. బావ సిగ్గుతో తలెత్తలేదు. అయినా లైటు మళ్లీ వెలిగించేటప్పుడు ఆ నీడను ఓసారి చూసుకున్నాడు.

తొమ్మిదో పాఠంలో మాస్టారు ఒక కిటుకు చెప్పాడు. "అయిపోయింది" అని చెప్పి కెమెరా దించండి, మనిషి బిగువు సడలి తన ముఖంలోకి తను వచ్చేస్తాడు, అప్పుడు నొక్కండి. బావ పరుగున వెళ్లి అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. అక్క యథాప్రకారం చెవులు చూపించింది.

"అయిపోయింది, ఇక లే."

అక్క కదల్లేదు. "అవలేదు. ఇప్పుడు నొక్కుతారు. నాకు తెలుసు."

నేను పడీపడీ నవ్వాను. నీకెలా తెలుసని బావ అడగనేలేదు. విసుక్కుంటూ లెన్సు తుడుచుకున్నాడు.

ఆ నెలంతా అక్క ప్రాణం తోడేశాడు. కూర తరుగుతుంటే, బట్టలు మడతపెడుతుంటే, ఫోన్లో మాట్లాడుతుంటే వెనకనుంచి వచ్చేవాడు. అడుగుల చప్పుడు వినగానే ఆమె చెయ్యి చెవి దగ్గరికి పోయేది. మూడు వందల పైచిలుకు ఫొటోలు తీశాడు. మూడు వందలూ పాస్‌పోర్టువే. "ఒక్కసారి మామూలుగా ఉండవే!" అని అరిచాడొకరోజు. "మీ ముందు నేను మామూలుగా ఉండేది ఇలాగే," అంది అక్క. అరుపు కాదు, ఏడుపు కాదు.

పరీక్షకు ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. నాలుగింటికి బావ ఇంటికొచ్చి, పాతదేమైనా దొరుకుతుందేమోనని అక్క ఫోను తీసుకుని వెతుకుతున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. నేను తొంగిచూశాను.

అందులో ఉన్నది బావే. స్టూడియోలో, గిరాకీ కూర్చునే స్టూలు మీద, తెల్లగుడ్డ ముందు. ఇన్నేళ్లలో ఆయన ఆ స్టూలు మీద కూర్చోగా నేను చూడలేదు. లైట్లు ఆర్పేసి ఉన్నాయి. గుమ్మంలోంచి వచ్చిన ఎండ ఒక చెంప మీదే పడింది. ఒక చెప్పు విడిచి, ఆ కాలు రెండో కాలి మీద పెట్టుకుని, ఒళ్లో కెమెరాను పడుకున్న పిల్లలా పట్టుకుని, నోరు కొంచెం తెరిచి ఎటో చూస్తున్నాడు. గుడ్డ అంచు దాటి పెచ్చులూడిన గోడ, దానికి ఆనించిన చీపురు కూడా పడ్డాయి. చూస్తుంటే ఆయన మీద జాలి వేసింది. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో కూడా అప్పుడే తెలిసింది.

"ఇది ఎవరు తీశారే?"

"నేనే," అంది అక్క వంటింట్లోంచి. "మొన్న మధ్యాహ్నం కేరేజీ తెచ్చినప్పుడు."

"చెప్పలేదేం?"

"అడిగారా?"

బావ వీధిలోకి వెళ్లి రెండుసార్లు అటూ ఇటూ తిరిగొచ్చాడు. లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఫొటో ఎక్కించాడు. తీసినవారి పేరు అన్నచోట ఆయన పేరు దానంతటదే వచ్చి కూర్చుంది. దాన్ని చెరపలేదు.

"బావా, అది అక్క తీసింది," అన్నాను గొంతు తగ్గించి.

"టైమరు పెట్టి తీసుకున్నాడనుకుంటార్లే."

"వాళ్లు అనుకుంటారు సరే. నువ్వేమనుకుంటావు?"

బావ పంపేశాడు.

ఆ తర్వాత ఆయన తేలు కుట్టిన దొంగే. పైకి చెప్పుకోలేడు, కుదురుగా కూర్చోలేడు. అక్క ఎదురొస్తే లేని దగ్గు దగ్గేవాడు. ఒకాయనకు కళ్లు మూసుకుని ఉన్న ఫొటోలు ఎనిమిదీ ఇచ్చి పంపాడు. నేనూ చూసుకోలేదు. నా మనసూ మనసులో లేదు.

ఆదివారం పదింటికి గడ్డం మాస్టారు ఈసారి రికార్డులో కాకుండా నిజంగానే తెర మీదికి వచ్చి కూర్చున్నాడు. తెర మీద చిన్నచిన్న గడుల్లో వందల ముఖాలు. ఒక గడిలో మా బావ, పక్కన సగం నేను. వంటింట్లో అక్క గిన్నెలు తోముతోంది. ఒక్కో ఫొటో వస్తోంది, పోతోంది. తొమ్మిది అయ్యాయి. బావ మోకాలు బల్ల కింద ఆడుతూనే ఉంది. పదోది మా చీపురు, మా గోడ, మా బావ.

మాస్టారు తెరకు దగ్గరగా వంగి చూశాడు.

"ఇది తీసినవాళ్లకు ఈ మనిషి మీద చాలా కోపం ఉంది," అన్నాడు చివరికి. "ఆ కోపం ఉండి కూడా, గుమ్మం దగ్గర ఆగి, చప్పుడు చేయకుండా చూశారు. ఇలా చూడటం నేను నేర్పలేను. ఇక్కడ గడిలో కూర్చున్నాయనే ఫొటోలో ఉన్నాడు, పేరూ ఆయనదే కనిపిస్తోంది. తనను తాను ఇలా ఎవరూ చూసుకోలేరు. ఎవరండీ తీసింది?"

వంటింట్లో కుళాయి ఆగిపోయింది.

బావ ఇరవై ఆరేళ్లుగా వినాలనుకున్న మాట ఆ గదిలోకి వచ్చి వేరేవాళ్ల కోసం వెతుకుతోంది. టైమరని ఒక్క ముక్క అంటే చాలు. తెర మీద వందల మంది ఎదురుచూస్తున్నారు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. మైకు గుర్తు మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"మా ఆవిడ తీసిందండి," అన్నాడు. "పేరు నాది పెట్టుకున్నాను. తప్పు నాదే."

"ఆవిడ ఏ క్లాసులో నేర్చుకున్నారు?"

ఆ ప్రశ్నకు వెనకనుంచి జవాబు వచ్చింది. "మీ క్లాసులోనేనండి. ఈయన సౌండు ఎక్కువ పెట్టి వింటారు. పన్నెండూ విన్నాను."

బావ వెనక్కి తిరిగాడు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, మోచేతుల దాకా సబ్బు నురగ. అప్పుడు గుర్తొచ్చింది నాకు, తొమ్మిదో పాఠం నాటి "నాకు తెలుసు". క్లాసు దండగని నెల రోజులు సాధించిన నా నోరు నేనే మూసుకున్నాను.

"కాస్త ముందుకు రండమ్మా, మిమ్మల్ని చూడాలి," అన్నాడు మాస్టారు.

అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి బావ పక్కన కూర్చుంది. తెర మీద తన ముఖం చూసుకుంది. అంతే, జుట్టు రెండు చెవుల వెనక్కి పోయింది, పెదాలు బిగిశాయి, గడ్డం కొంచెం కిందికి దిగింది.

కెమెరా స్టూడియోలో ఉండిపోయింది. బావ చేతుల్లో ఏమీ లేదు. ఆయన మెల్లగా చెయ్యి చాచి, ఆమె చెవి వెనక ఉన్న జుట్టు పాయను ముందుకు లాగి చెంప మీద వదిలాడు. తర్వాత రెండో వైపు కూడా.

"చెవులు కనపడవండీ," అంది అక్క.

"కనపడకపోతే పోనీయవే," అన్నాడు బావ. అక్క నోరంతా తెరిచి నవ్వింది.