పసుపు పూసుకుని నోరు మూసుకున్న రోజు

ఆ రోజుల్లో వీడియో కెమెరా అంటే పెళ్లి, పెళ్లి అంటే వీడియో కెమెరా. ఆ పెట్టెతో పెళ్లి కాకుండా ఇంకోటి, కళ అనేది కూడా తియ్యవచ్చునని మా ఖమ్మం ప్రాంతంలో నాకు తప్ప ఎవరికీ తట్టలేదు. తట్టకపోతే పోనీ, నేను చెప్పినప్పుడైనా వినవచ్చు గదా. వినలేదు. ఇన్నేళ్లయినా ఆ మంట నాకు చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

అప్పుడు నేను హైదరాబాదులో బొమ్మల కాలేజీలో (ఆ పేరు మా నాన్న పెట్టింది) చివరి సంవత్సరం రెండోసారి చదువుతున్నాను. మొదటిసారి నన్ను పరీక్ష తప్పించిన పుణ్యాత్ముడు బొంబాయి సారు. కొన్నాళ్లు బొంబాయిలో ఉండి వచ్చినందుకు ఆయనకా పేరు. నేను నెలల తరబడి వేసిన బొమ్మ ముందు అర నిమిషం నిలబడి, "క్యాలెండర్ బాగుంది" అని వెళ్లిపోయాడు. ఆ మాట నేను మరిచిపోయానని ఆయన అనుకుంటూ ఉంటే అది ఆయన అమాయకత్వం. ఆ ఏడు ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. కళాకారుడు తన ఒంటినే బొమ్మగా చేసుకుని ఏదో ఒకటి ప్రదర్శించాలి, దాన్ని వీడియో తీసి చూపించాలి, అదే పరీక్ష అన్నాడు. మా నాన్న ఇంకో పరీక్ష పెట్టాడు. "ఈసారి గూడ తప్పితే వైరా వచ్చి ఎరువుల కొట్ల కూసో. బస్తాలు నీ బొమ్మల లెక్క కాదు, అమ్ముడుబోతయ్."

మా మేనమామ భద్రాచలం దారిలో, అడవి అంచు ఊళ్లో, తునికాకు కల్లేదారు. అంటే ఊరివాళ్లు అడవిలో కోసి తెచ్చిన బీడీ ఆకు కట్టలు తీసుకుని, ఇంటి ముందరి కల్లంలో వరసలుగా ఆరబెట్టించే మనిషి. నేను వేసుకున్న పథకం ఇది: ఆ వరసల చివర నేను ఎండుటాకు రంగు పూసుకుని, పొద్దుగూకే దాకా కదలకుండా, పెదవి విప్పకుండా నిలబడాలి. మనిషి కూడా ఆకులాగే ఎండిపోతాడని భావం. (ఇప్పటికీ గొప్ప భావమే. కాదనేవాళ్లు నడి వేసవిలో అక్కడ నిలబడి చూడవచ్చు.) ఒక్క మాట మాట్లాడినా ప్రదర్శన చెడినట్టే. పెళ్లిళ్ల కాలం కనుక కెమెరా ఆ ఒక్క రోజుకే దొరికింది. దానితో వచ్చినవాడు నాకు వరసకు బాబాయి. ఖానాపురం హవేలి నుంచి అశ్వారావుపేట దాకా ఏ పెళ్లిలోనైనా పెళ్లికొడుకు కంటే ఎక్కువ హడావుడి ఆయనదే. "నువ్వేమీ చెయ్యొద్దు బాబాయ్, కెమెరా స్టాండు మీద పెట్టి వదిలెయ్" అన్నాను. "అవ్, అవ్" అన్నాడు. అంత నిబ్బరంగా అబద్ధమాడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఎండుటాకు రంగుకు నాకు దొరికింది పసుపు. అత్తయ్య వంటింట్లోంచి డబ్బా తెచ్చుకుని, కాస్త ఎర్రమట్టి కలిపి, తెల్ల పంచె కట్టుకుని ఒళ్లంతా పట్టించి నిలబడ్డాను. నాకు అందులో కళ కనిపించింది. కట్టలు దించడానికి వచ్చిన ఆడవాళ్లకు ఏం కనిపించిందో వాళ్ల మాటల్లోనే విన్నాను.

"ఎవల పిలగాడే?"

"కల్లేదారు మేనల్లుడంట. లగ్గమంట. ఇడియో గూడ దీస్తుండ్రు సూడు."

"మరి పసుపు రాసి నీళ్లు పొయ్యకుండ గిట్ల ఎండల నిలబెట్టిండ్రేంది? ఆళ్లింట్ల ఆడోళ్లు లేరా?"

ఒక పెద్దామె వచ్చి నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బిడ్డా, పిల్లది ఏ ఊరు?" నేను పలకలేదు. "సిగ్గు" అని తీర్పు చెప్పింది. అంతే, బిందెలు వచ్చాయి, శనగపిండి వచ్చింది. నలుగు పెట్టి నా నెత్తిన నీళ్లు పొయ్యడం మొదలుపెట్టారు. నేను కష్టపడి పూసుకున్న ఎండుటాకు రంగంతా కాళ్ల కిందికి కారిపోయింది. బాబాయి ఆపుతాడనుకున్నాను. ఆయన కెమెరా స్టాండు మీంచి పీకి భుజానికెత్తుకుని ఉన్నాడు. "అమ్మా, బిందె జర పైకెత్తు. ఆఁ, గట్ల! అక్కా, నువ్వు ఇటు రా, మొగం కనబడాలె. పిలగా, నవ్వు!"

అప్పుడు వచ్చింది అత్తయ్య. "నలుగు పెట్టుకుంటున్నవా? ఎవరితోని లగ్గం? ఇంట్ల మరదలుండంగ, మా కల్లంల, మా పసుపుతోని? చెప్పు, నోట్లె మాట లేదా?" మామయ్య పరుగెత్తుకొచ్చాడు. నన్ను వెనకేసుకొస్తాడనుకుంటే, "గదే నేను గూడ అడుగుతున్న" అన్నాడు.

నోరు విప్పితే ఎరువుల కొట్టు. విప్పకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. విప్పలేదు.

"మాట్లాడ్తలేడంటే మన పిల్లనే అన్నట్టు" అంది పెద్దామె. అత్తయ్య మొహం విచ్చుకుంది. హారతి ఆవిడే పట్టుకొచ్చింది.

కాలేజీలో టేపు వేశాం. నేను ఒంటరిగా నిలబడిన భాగమంతా బొంబాయి సారు గడియారం చూసుకున్నాడు. ఆడవాళ్లు రాగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చివర్న లేచి, "కెమెరా పట్టినవాడికి కన్నుంది. ఆ ఆడవాళ్లు అద్భుతం. మధ్యలో నువ్వెందుకయ్యా, గుంజలాగా?" అన్నాడు. మధ్యలో నేనెందుకా! పాసయితే చేశాడు. కానీ ఆ మార్కులు నాకిచ్చాడో బాబాయికిచ్చాడో నేటికీ తేలలేదు. హాస్టలు వదిలేదాకా నన్ను గుంజ అనే పిలిచారు. పిలిచిన ప్రతి ఒక్కడూ నాకు గుర్తే.

ఏడాది తిరక్కుండా మరదలితో పెళ్లయింది. నలుగు నాడు బాబాయి చేతులూపుకుంటూ వచ్చాడు. కెమెరా ఏదని అడిగితే, "మళ్లెందుకు పిలగా, నీ నలుగు మనకాడ ఉన్నది గదా" అన్నాడు. అదే టేపును పెళ్లి క్యాసెట్టు మొదట్లో అతికించి, పైనుంచి మిక్సింగులో గులాబీలు రాల్చాడు. నా ప్రదర్శన ఈ లోకంలో మిగిలింది ఆ గులాబీల కిందే.

చుట్టాలొస్తే మా ఆవిడ ఇప్పటికీ దాన్ని పెడుతుంది. నేను పక్కన కూర్చుని బాబాయి ఎక్కడెక్కడ చెడగొట్టాడో, మామయ్య నన్ను ఎట్లా వదిలేశాడో, మధ్యమధ్య టీ ఎంత చల్లగా ఉందో చెబుతూ ఉంటాను. మొన్న ఆవిడ తెర వంక చెయ్యి చూపించింది. "నేను తలుపుసందుల కెల్లి గా పిలగాణ్ణి జూసే ఒప్పుకున్న. నెత్తిన గన్ని బిందెలు గుమ్మరిచ్చినా ఒక్క మాటనలే. ఎంత ఓర్పు అనుకున్న. గాయన ఏడబోయిండో ఏమో!"

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. నా దగ్గర జవాబులకు కొదవ లేదు. కానీ తెరమీద వాడు, బక్కగా, పచ్చగా, రెప్పల మీంచి నీళ్లు కారుతుంటే పళ్లు బిగించి నిలబడి ఉన్నాడు. వాణ్ణి చూసి ఆ ఒక్కసారికి నోరు మూసుకున్నాను.