గోడ దాటని మొక్కలు

బాటి థిల్ ముప్పై ఎనిమిదేళ్లు ఇనుము వంచాడు. ఇనప గనుల ఊరు రుమెలాంజ్‌లో చీకటుండగానే బస్సెక్కి మిల్లుకు పోవడం, గనిబండ్ల పట్టాలను ప్రెస్సు కింద పెట్టి వంపు తిప్పడం, ఇంటికొచ్చి ఎర్రదుమ్ము కడుక్కోవడం. ఆ పనిలో మొదటి రోజే నేర్పేది ఒకటుంది. ఇనుము వంగినట్టే వంగి, ప్రెస్సు వదలగానే కాస్త వెనక్కి లేస్తుంది. అందుకని ఎంత వంపు కావాలో దానికి రెండు వేళ్లు ఎక్కువ వంచాలి. మిల్లు మానేసి పదకొండేళ్లయినా ఆ రెండు వేళ్ల లెక్క అతని చేతుల్లోంచి పోలేదు.

అతని భార్య ట్రీనికి రెండేళ్ల కిందట కేన్సరు వైద్యం జరిగింది. జబ్బు తగ్గింది గానీ, ఆ మందులు చేతుల్లో నరాలను పాడుచేసి వదిలాయి. చెంచా పట్టుకుంటే గాజుపెంకు పట్టుకున్నట్టుందనేది. చిక్కుడుకాయల సూపు గిన్నె ముందు పెడితే చల్లారిపోయేదాకా దాన్ని చూస్తూ కూర్చునేది. నొప్పి మాత్రలు వేసుకుంటే నొప్పితో పాటు మనిషీ మాయమయ్యేది. ఇంటికి నాలుగు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చని చట్టం వచ్చాక, డాక్టరుతో చెప్పే, బాటి నిరుడు రెండు పెంచాడు. ఎండిన పూలను వెన్నలో సన్నసెగ మీద కాచి, సాయంత్రం రొట్టె మీద గోరంత రాసిచ్చేవాడు. ఆ తర్వాత గంటన్నర సేపు ట్రీని చేతులు ట్రీనివే. ఆ గంటన్నరా ఇద్దరూ పేకాడేవారు. ఆమె గెలిచేది, గెలిచి దెప్పేది. జనవరిలో వెన్న అయిపోయింది. చలికి ఆ నొప్పి హెచ్చేది, ఎండాకాలం వచ్చేదాకా పేకముక్కలు డబ్బాలోంచి బయటికి రాలేదు.

ఈసారి వెన్న వసంతం దాకా రావాలి. అందుకని నాలుగు మొక్కలూ వేశాడు.

చట్టంలో ఇంకో మాట ఉంది. మొక్కలు దారిన పోయేవాళ్లకు కనబడకూడదు. పెరటిగోడ అతని భుజం ఎత్తు. నిరుడు ఆగస్టులో మొక్కలు గోడ మీదుగా తలలెత్తితే వాటిని కోసేశాడు. దిగుబడి సగం అక్కడే పోయింది. కొయ్యక్కర్లేదు, చిన్నప్పుడే వంచితే చాలని పక్కింటి లిలియానా చెప్పింది. ఆమె నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే ఏడాదిన్నర పిల్ల తల్లి కావడంతో, సాయానికి రాకముందే బాటి పెరటి తలుపుకు పైనొకటి, కిందొకటి గడియలు వేయించింది.

జూన్‌లో, కాండం పెన్సిలంత ఉన్నప్పుడు వచ్చింది. ఆ పొద్దున నీళ్లు పోయొద్దని ముందే చెప్పింది. నీళ్లు తాగిన మొక్క బిర్రుగా ఉంటుంది, దాహంగా ఉన్నది మెత్తగా వంగుతుంది. వేరు కదలకుండా మొదలును ఒక మేకుకు కట్టి, ట్రీని పాత మేజోళ్లు చీల్చిన పీలికతో కొసను మెల్లగా పక్కకు లాగి రెండో మేకుకు కట్టింది. కొసలో ఒక రసం పుట్టి కిందికి దిగుతూ పక్కమొగ్గల్ని నిద్రపుచ్చుతుందని, కొసను పడుకోబెడితే ఆ మొగ్గలన్నీ లేస్తాయని చెప్పింది.

"దీనికి ప్రెస్సు అక్కర్లేదు బాటీగారూ. ఓపిక కావాలి. ఉందా మీ దగ్గర?"

"ఈయన దగ్గరా?" అంది వంటింటి కిటికీలోంచి ట్రీని. "ఉండుంటే నా జుట్టు మందులు తినకముందే ఎందుకు ఊడింది?"

నిజంగానే రెండ్రోజుల్లో పక్కకొమ్మలు తలలెత్తాయి. బాటి వాటినీ ఒక్కొక్కటే పక్కలకు కట్టాడు. కాండం లావెక్కిన కొద్దీ కట్లు వదులు చేశాడు. ఆగస్టుకు నాలుగు మొక్కలూ నడుమెత్తు దాటకుండా, బండిచక్రాల్లా పరుచుకున్నాయి.

అప్పుడు మునిసిపాలిటీ ఉత్తరం వచ్చింది. గోడ వెనక పాత ఖనిజం రైలుకట్ట మీద సైకిలు దారి వేశారు, సెప్టెంబరు పద్నాలుగున తెరుస్తారు. బాటి కట్టెక్కి, సైకిలు మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఒక కర్ర పాతి, దానికి దారం కట్టి, గోడ అంచు మీదుగా పెరట్లోకి లాగాడు. దారానికి పైన, సైకిలు మీదివాళ్లకు కనబడేలా, మూరెడు పూతకొమ్మలున్నాయి.

గోడ పెంచితే ఎండ పోతుంది. వేళ్లు నేలలో ఉన్నాయి, జరపడానికి లేదు. పూత పండేది అక్టోబరులో. లిలియానా పిల్లను చంకనేసుకుని వచ్చి, గడియల తలుపు బయటే నిలబడి చూసింది.

"మొదళ్లు కట్టెలైపోయాయి. పైన పచ్చగా ఉన్నచోటే వంచండి, రోజుకు వేలెడు. వెనక్కి లేస్తే లేవనివ్వండి. మర్నాడు మళ్లీ."

"పన్నెండు రోజులే ఉన్నాయమ్మాయ్."

"అయితే ఒకటి వదులుకోండి. వదులుకోలేకే అన్నీ పోగొట్టుకుంటారు జనం."

రెండు మొక్కలు మాట విన్నాయి. పెద్దవి రెండూ వినలేదు. పదమూడో తారీఖు మధ్యాహ్నం బాటి మూడోదాన్ని దారం కిందికి తెచ్చి చెయ్యి తీశాడు. అది లేచి దారానికి రెండు వేళ్లు పైన ఆగింది. అతను ఆలోచించలేదు. ముప్పై ఎనిమిదేళ్లు చేసిన పనే చేతులు చేశాయి. మళ్లీ పట్టి, దారం దాకా వంచి, ఇంకో రెండు వేళ్లు కిందికి నొక్కాయి.

చప్పుడు చిన్నదే. మొదలు దగ్గర కాండం నిలువునా చీలి లోపలి తెలుపు బయటపడింది.

చీలికను మూసి, బద్దలు పెట్టి టేపు చుట్టాడు. నాలుగోదాన్ని ముట్టుకోవడానికి చేతులు రాలేదు. కత్తెర తెచ్చి, దారానికి పైనున్న పచ్చిపూతంతా కోసేశాడు.

"ఏదో విరిగినట్టుంది?" అంది ట్రీని, లోపలికొచ్చాక.

"పాత కర్ర."

టేపు చుట్టిన మొక్క ఆకులు మూడు రోజుల్లో తడిగుడ్డల్లా వేలాడాయి. పీకేశాడు. అక్టోబరులో మిగిలినవి కోసి, ఆరబెట్టి, వెన్న కాచి అలమరలో పెట్టాడు. నిరుటికన్నా గిన్నెడే ఎక్కువ.

"ఎప్పటిదాకా వస్తుంది?" అని అడిగింది ఆమె ఆ సాయంత్రం, ముక్కలు పంచుతూ.

"ఈస్టరు దాకా."

"ఆ రోజు కిటికీ దగ్గరే ఉన్నాను బాటీ. నాకు పోయింది చేతులు, చెవులు కాదు."

అతను తన ముక్కల్లోకి చూశాడు.

"రోజు విడిచి రోజు పెట్టు," అంది.

"మధ్య రోజున?"

"సైకిళ్లు చూస్తాను. అందుకేగా వేశారు."

మర్నాడు బాటి కొట్టంలోకి పోయి ఇనపబద్ద ఒకటి తీశాడు. పేకముక్కలు నిలబడేలా, దాన్ని పొడుగునా మడిచి గాడి చేయాలి. కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువ వంచి వదిలాడు. అది వెనక్కి వచ్చి సరిగ్గా అనుకున్నచోట ఆగింది.

అది వెన్న లేని రోజు. సాయంత్రం ఆమె ముక్కల్ని ఆమెవైపు తిప్పి గాడిలో నిలబెట్టాడు. ట్రీని గడ్డంతో చూపిస్తే ఆ ముక్క తీసి వేశాడు. మొదటి ఆట ఆమే గెలిచింది. "ముసలోడా, నీకు ఇనుమే గతి," అంది. రెండోది ఓడిపోయింది. మూడో ఆట మధ్యలో పెదవులు బిగించి కళ్లు మూసుకుంది.

ఆపేద్దామా అని బాటి అడగలేదు. ఆమె ముక్కలవైపు చూడకుండా, తనవి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.