మా తాత నావను కింది రేవోళ్లు పిలిచిన ఏడాది

సముద్రంలో మాయమైన ఓడలన్నీ ఎక్కడికి పోయాయో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా తాత ఈరయ్య. సిరొంచ దగ్గర ప్రాణహిత మీద నావ నడుపుతాడు. సముద్రాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. అంత చిన్న విషయానికి ఆయనను శంకించే మనిషి మా ఊళ్లో ఆదయ్య తప్ప ఎవరూ లేరు. ఆదయ్యదీ నావే.

వయసులో ఉన్నప్పుడు తాత టేకు దుంగల తెప్ప మీద గోదావరి పట్టుకొని రాజమండ్రి దాకా పోయాడు. సముద్రం ఇంకాస్త దూరం ఉందనగా జ్వరం వచ్చింది. ఒక సత్రం అరుగు మీద పడుకొని, అక్కడి ఓడ కళాసుల కబుర్లన్నీ విని, మూటగట్టుకొని వచ్చాడు. అప్పటి నుంచి ఏరు దాటేవాళ్లకు అవే వడ్డిస్తున్నాడు. నావలో కూర్చున్నవాడు మధ్యలో దిగిపోలేడు కదా.

"నీళ్ల కింద ఇంకో రేవున్నది," అంటాడు. "ఆడ ఓడలు తక్కువ పడ్డయనుకో, మన ఓడను పేరు పెట్టి పిలుస్తరు. పిలిస్తే పోవుడే."

"పేరు లేని ఓడయితేనో?" అని నేను అడిగాను.

"దాని మేకులు తుప్పు వడ్తయి. ఉప్పు నీళ్లు గదా. నడిమిట్ల అన్నీ ఒక్కపారే ఊడుతయి."

మొదటి మాట నమ్మనివాళ్ల కోసం ఆయన దగ్గర రెండో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నాకు రెండూ నచ్చాయి.

ఎనభై నాలుగు ఎండాకాలంలో మా నావే మాయమైంది.

ఎండకు చెక్కలు పగుళ్లు విచ్చకుండా, వేసవిలో నావను రాళ్లతో నింపి మడుగులో ముంచిపెట్టడం మా దగ్గర అలవాటు. తొలకరికి, మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం రోజున ఎవరి నావ తేలి ఉంటే ఆ ఏడాది రేవు వాళ్లది. ఇద్దరివీ తేలితే వంతులు. పంట మీద ఊరు రేవు నడిపినవాళ్లకే వడ్లు కొలుస్తుంది. మిరుగం దగ్గర పడిందని తాత నావ లేపడానికి మడుగులోకి దిగాడు. మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. చేతికి ఇసుక తప్ప ఏమీ తగల్లేదు.

"బుచ్చన్న గుడిసెకు సూటిగ ముంచిన. నాకు మంచిగ యాదికున్నది," అన్నాడు.

బుచ్చన్న ఏటి ఇసుకలో పుచ్చతోట పెట్టి, కావలికి గుడిసె వేసుకుంటాడు. ఆ గుడిసె ఎదురుగానే ఉంది. నావే లేదు.

మొసలి ఈడ్చుకుపోయిందన్నారు. గంగమ్మకు కోడిని కోయలేదన్నారు. ఆదయ్య నావ అప్పటికే తేలింది. ఆయన సంతోషం పట్టలేకపోయాడు.

"ఏం బావా, కింది రేవోళ్లు నీ నావను పిలిచిన్రా? నాకైతే ఇనవడలే!"

తాతకు రెండో మాట దొరకలేదు. ఇంటికి వచ్చి జొన్న గటక ముట్టలేదు. రేవు పోతే ఏడాది గింజలు పోతాయి. అంతకన్నా ఘోరం, ఆదయ్య నావలో కూర్చొని ఆదయ్య కబుర్లు వినాలి. అది ఆయన తట్టుకోలేడని ఇంట్లో అందరికీ తెలుసు.

మిరుగం రేపనగా, పొద్దున్నే తాత భార్య, మా అవ్వ నర్సక్క తడి బట్టలతో, తిట్లతో వచ్చింది. ఆ వేసవిలో ఏటి ఒడ్డున, మోకాలి లోతు నీళ్లలో ఆమెకు ఒక కొత్త బండ దొరికింది. పాకుడు పట్టినా బట్టలు ఉతకడానికి ఎత్తు కుదిరిన బండ. ఇంకొకరిని దాని దగ్గరికి రానిచ్చేది కాదు.

"నీ దోతి చినిగిందయ్యా. నా బండకున్న మేకు తట్టుకున్నది."

తాత ముంత దించాడు. "బండకు మేకెక్కడిదే?"

"నాకేమెరుక? దేవుడు కొట్టిండేమో."

"ఉతికితే చప్పుడెట్లొస్తది?"

"డబ్బడబ్బ అంటది. మంచి బండ గదా!"

తాత ఏటి వైపు ఉరికాడు. ఆయన వెనుక నేను, నా వెనుక చినిగిన దోతితో అవ్వ. పాకుడు గీకితే కింద మా నావ ముక్కు. మిగతా నావంతా ఇసుకలో ఉంది. నీళ్లు తగ్గేకొద్దీ ముక్కు పైకి వచ్చి, మా అవ్వ దెబ్బలు తింటూ కూర్చుంది.

సంగతి తర్వాత తెలిసింది. పుచ్చకాయలు అయిపోగానే బుచ్చన్న గుడిసె పీకి, దోసతీగలు ఇంకా కాస్తున్న ఎగువ ఇసుకలో వేసుకున్నాడు. తాత ఆ కొత్త చోటికి సూటిగా మునుగుతున్నాడు.

"జర చెప్పొద్దారా?" అని తాత అరిచాడు.

"నన్నెవ్వలడిగిన్రన్నా?" అన్నాడు బుచ్చన్న.

ఇసుక తవ్వి, రాళ్లు తీస్తుంటే ఆదయ్య కూడా వచ్చి నీళ్లలోకి దిగాడు. "జరుగు బావా. నువ్వు లేకుంటే నేనెవలిని ఎక్కిరియ్యాలె?" అని భుజం పెట్టాడు. పొద్దు వాలకముందే నావ కదిలి, తేలింది.

నేను లోపల కూర్చొని చెంబుతో నీళ్లు తోడుతూ అడిగాను.

"తాతా, సముద్రంల మాయమైన ఓడలు గూడ గిట్లనే ముంచి మర్చిపోయినయేనా? అవ్వను పంపుదామా? ఉతికి చూస్తది."

తాత నా వైపైనా చూడలేదు.

"నోర్మూసుకొని నీళ్లు తోడే, పోరీ."