వాపస్ తీసుకున్న మాట

మా పెద్దమ్మ పోయిందన్న ఫోన్ వచ్చేసరికి నేను చిట్యాలలో మా మందుల దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, చాయ్ అడిగి, అది వచ్చేలోపే కుర్చీలో తల వాల్చేసిందట. అమ్మకు అక్క ఆమె. హుజూర్‌నగర్‌లో పిల్లలకు సైన్సు చెప్పిన టీచరు. తెలంగాణ వచ్చిన ఏడాదే రిటైర్ అయింది. రిటైర్ అయింది బడి నుంచి మాత్రమే, ఆ తర్వాత వీధి వీధంతా ఆమెకు తరగతి గదే.

షట్టర్ దించేసి బస్సెక్కాను. దారంతా ఏడ్చాను కూడా. కానీ ఇప్పుడు రాస్తున్నది ఏడుపు గురించి కాదు, సిగ్గు గురించి. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పబోయి నేనేం చేశానో మీరే వినండి.

పెద్దమ్మ వరండాలో కూర్చుందంటే దారిన పోయేవాళ్ళు తప్పించుకోవడం కష్టం. "ఒక ముచ్చట చెప్తా, నవ్వద్దు," అనేది. నవ్వకపోతే మళ్ళీ ఆమెకే కోపం. పాలమూరు దిక్కు నుంచి సీతాఫలాల గంప తెచ్చే ఆమెను ఒకసారి ఆపి, "గీ పండు మనది గాదే, సముద్రాలు దాటి అమెరికా దిక్కుకెల్లి వచ్చింది," అని చెప్పింది. ఆమె గంప దించి, "యాడికెల్లి వచ్చుడు టీచరమ్మా? పొద్దుగాల మా గుట్ట మీద నేనే తెంపిన," అని తగులుకుంది. ఆ జవాబును పెద్దమ్మ కనిపించినవాళ్ళందరికీ చెప్పి నవ్వింది. నాట్లు వేసి వచ్చే ఆడవాళ్ళకు శుక్రగ్రహం మీద ఒక్క రోజు అక్కడి ఏడాది కంటే పొడుగని చెబితే, "గక్కడికి దినం కూలికి మాత్రం పిలువకు తల్లీ," అన్నారు వాళ్ళు. ఇస్త్రీ, అల్మారా, బాల్టీ అనే మాటలు పోర్చుగీసువాళ్ళతో ఓడల మీద వచ్చాయని చెప్పిన రోజున మా పెద్దనాయన, అంటే ఆమె భర్త, "అయితే ఇయ్యాల్టి సంది నా అంగీకి ఇస్త్రీ వాళ్ళనే చెయ్యమను," అన్నాడు.

ఇలాంటి ముచ్చట్లు చెప్పేవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు. మా పెద్దమ్మకున్న ఇంకో అలవాటు మాత్రం నేను మరెవరిలోనూ చూడలేదు. తను చెప్పినదాంట్లో ఏదైనా తప్పని తర్వాత తెలిస్తే, ఎవరెవరికి చెప్పిందో వాళ్ళందరి ఇళ్ళకూ వెళ్ళి ఆ మాట వాపస్ తీసుకునేది. గడప బయటే నిలబడి చెప్పేది. కూర్చోమంటే కూర్చునేది కాదు, చాయ్ ఇస్తే ముట్టేది కాదు. "తప్పు చెప్పినోళ్ళకు చాయేంది? అందరికి చెప్పినంక తాగుతా," అనేది. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటే, "చెప్పినప్పుడు మొకం చూసి చెప్పిన గద. తీసుకునేటప్పుడు గూడ మొకం చూడాలె," అనేది.

అట్లా వాపస్ తీసుకున్న మాటల్లో ఒకటి మెదడు గురించి. మనిషి తన మెదడులో పదో వంతే వాడుకుంటాడని ఆమె ఎక్కడో చదివింది. నేను లెక్కల్లో ఫెయిలై, అన్నం తినకుండా మూలన కూర్చున్నప్పుడు, నా పక్కన చేరి ఆ మాట చెప్పింది. "ఇంక తొమ్మిది వంతులు అట్లనే ఉన్నయి బిడ్డా, ఫికరెందుకు?" అంది. దాన్ని పట్టుకునే నేను మళ్ళీ పరీక్ష రాశాను, పాసయ్యాను. అప్పటి నుంచి ఆ మాట నాదే అయిపోయింది.

చర్చిలో పోయినవాళ్ళను తలచుకునే ఆదరణ కూడిక రోజున, పాటలయ్యాక, పెద్దమ్మ గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు నన్ను పిలిచి మైకు చేతికిచ్చారు. "మనమంతా మెదడులో పదో వంతే వాడతామని మా పెద్దమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆమె మాత్రం మొత్తం వాడిన మనిషి," అన్నాను. ముందు వరసలో తలలు వంగాయి. ఏడుస్తున్నారనుకున్నాను. బాగా మాట్లాడానని లోలోపల పొంగిపోయాను కూడా. అది తలచుకుంటే ఇప్పటికీ నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

భోజనాల దగ్గర ఎదురింటి కిరాణా దుకాణం అక్క నా పళ్ళెంలో పప్పు వేస్తూ మెల్లగా అంది: "చెల్లె, గా మెదడు మాట మీ పెద్దమ్మ ఎప్పుడో వాపస్ తీసుకున్నది గద. మనం మెదడంత వాడుతనే ఉంటమట. 'మొత్తం వాడినా గింతేనా టీచరమ్మా మనం?' అని నేనడిగితే కడుపు పట్టుకొని నవ్వింది. నీకు చెప్పలేదా?"

చెప్పింది. చేతిలో ముద్ద ఉండగానే గుర్తొచ్చింది. కరోనా తగ్గాక వచ్చిన ఎండాకాలంలో, రెండు బస్సులు మారి చిట్యాల వచ్చింది. చెమటలు కారుతుండగా దుకాణం మెట్ల కిందే నిలబడింది. నేను ఫోన్‌లో మందుల ఆర్డరు చెబుతున్నాను. ఆమె ఏదో అంటోంది, నేను చెయ్యి ఊపుతూ "సరే పెద్దమ్మా, లోపలికి రా," అంటున్నాను. రాలేదు. సంచీలోని బత్తాయిలు మెట్టు మీద పెట్టి తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది. ఇంత దూరం వచ్చి నీళ్ళైనా తాగలేదేమిటని నేనే విసుక్కున్నాను. బత్తాయిలు తియ్యగా ఉన్నాయని గుర్తుంది. మాట ఒక్కటీ చెవిన పడలేదు.

తన పేరు మీద ఒక్క తప్పు మాట మిగలకూడదని ఎండల్లో తిరిగిన మనిషి. సమాధి మీద మట్టి ఆరకముందే ఆ తప్పునే మళ్ళీ ఆమె నోట్లో పెట్టాను, అదీ మైకులో. ఎవరో వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టారు. కింద దండాలు పెట్టే బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి.

గ్రూపులో ఒక ముక్క రాసేద్దామనుకున్నాను. 'మొకం చూడాలె' అన్న పెద్దమ్మ మాట అడ్డొచ్చింది. చెయ్యి కడుక్కుని, కూడికకు వచ్చినవాళ్ళ ఇళ్ళకు బయల్దేరాను. ప్రతి గడప బయటా నిలబడి, "నేను సాక్ష్యంలో చెప్పిన మెదడు మాట తప్పు. పెద్దమ్మ దాన్ని ఎప్పుడో తీసేసింది. నేనే వినలేదు. వాపస్ తీసుకుంటున్న," అన్నాను. కొందరు నవ్వారు. కొందరు నాకు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూశారు. ఒక అవ్వ, "గింత దానికి ఇల్లిల్లు తిరుగుతున్నవా? అచ్చం మీ పెద్దమ్మనే," అంది. ఆ మాటతో నాకు ఇంకా సిగ్గేసింది. ఆ వీడియో చూసిన దూరపువాళ్ళ గడపలన్నీ తొక్కడం నా వల్ల కాదు. ఇది రాస్తున్నది అందుకే.

చివరికి పెద్దమ్మ ఇంటికే వచ్చి గడప బయట నిలబడ్డాను. లోపల పెద్దనాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయనకూ చెప్పాను.

"చిట్యాలకు బయలెల్లే ముంగట మీ పెద్దమ్మ ఒకటే ఫికర్ చేసింది బిడ్డా," అన్నాడు. "'పోరి గా మాట మీదనే నిలబడ్డది, తీసేస్తే చిన్నబోతదేమో' అని. ఏం చెప్పాల్నో ఆలోచన చేసి పెట్టుకొని పోయింది."

"ఏం చెప్పాలనుకున్నది పెద్దనాయనా?"

"'దాచిపెట్టిన తొమ్మిది వంతులేం లేకుండె. నువ్వు పాసైంది ఉన్నదాంతోనే బిడ్డా' అని చెప్తా అన్నది. చెప్పలేదా?"

"చెప్పే ఉంటది. నేనే ఫోన్ పెట్టలేదు," అన్నాను. ఆయన గోడ పట్టుకుని లేచాడు.

"అందరికి చెప్పినవా?"

"చెప్పిన."

"అయితే లోపలికి రా. చాయ్ పెడ్త."

వంటింట్లో అల్లం దంచుతున్న చప్పుడు మొదలైంది. చెప్పులు విడిచాను కానీ, వీడియో చూసినవాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారని గుర్తొచ్చి, గడప దాటలేక అక్కడే నిలబడిపోయాను.