ఉప్పుదా, తీపిదా?

మొన్న జ్వరమొచ్చి తిరుపతిలో ఆసుపత్రిలో పడుకుంటే, చేతికి సూది గుచ్చిన పిల్ల నీళ్ళున్న మెత్తటి సంచీ ఒకటి తగిలించి, పక్కనున్న మిషను మీటలు నొక్కి వెళ్ళిపోయింది. జన్మంతా నర్సుగా చేసిన పాడు అలవాటు ఊరుకోనిస్తుందా, మెడ తిప్పి సంచీ మీది అక్షరాలు చదవబోయాను. "సెలైనే లే అత్తా, పడుకో," అని మా కోడలు నవ్వింది. ఆ మాటంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మీకూ గుర్తుండే ఉంటుంది, సెలైనంటే అసలు ఉప్పు నీళ్ళే గానీ, మన వైపు ఉప్పు నీళ్ళయినా గ్లూకోజ్ నీళ్ళయినా, చేతికి ఎక్కించే ప్రతి సీసా పేరూ సెలైనే. నేను చిత్తూరులో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో కొత్తగా చేరిన రోజుల్లో గాజు సీసాలు పోయి ప్లాస్టిక్‌వి వస్తున్నాయి. కింద పడితే పగలవని మాకు ఒకటే సంబరం, కానీ లోపలి నీళ్ళు గాజులో కనిపించినంత తేటగా కనిపించేవి కావు. అప్పుడే ఒక మధ్యాహ్నం మా అమ్మకు మూర్ఛ వచ్చింది, ఒకటి తగ్గీ తగ్గకముందే ఇంకొకటి. నాయన, మేనమామ ఆమెను ఆటోలో వేసుకొని నా దగ్గరికే తెచ్చారు.

మూర్ఛ మందు సెలైన్‌లో కలిపి ఎక్కించాలన్నారు డాక్టరుగారు. మా దగ్గర సీసాలు అయిపోయి ఉంటే మామ ఎదురుగా ఉన్న మందుల షాపుకు పరిగెత్తి సెలైన్ ఇమ్మన్నాడు, ఎవరికో నీరసమనుకొని షాపువాడు గ్లూకోజ్ చేతిలో పెట్టాడు. ఆ హడావుడిలో పేరు ఎవరు చదివారు, డాక్టరుగారు మందు కలిపేశారు. గొట్టం అమ్మ చేతికి తగిలించబోతూ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూద్దును కదా, లోపల తెల్లటి మసక! గొట్టం నొక్కిపట్టి ఆపేశాను.

నాయన నా మీద విరుచుకుపడ్డాడు. "ఏందిమే నువ్వు చేసేది? ఆపితే మీయమ్మ దక్కుతాదా?"

అమ్మ కళ్ళు తేలేసి ఉంది, దవడ బిగుసుకుపోయి ఉంది. సీసా డాక్టరుగారికి చూపిస్తే ఆయన మొహం పాలిపోయింది. గ్లూకోజ్ నీళ్ళు నాలుకకు తీపే గానీ వాటి గుణం పులుపు. పాలలో నిమ్మకాయ పిండినట్టు, ఆ పులుపు తగిలితే ఆ మందు విరిగి పొడిగా తేలుతుంది. ఆ పొడి అమ్మ నెత్తురులోకి పోయుంటే ప్రాణానికే ముప్పు. "సెలైనే గదమ్మా నేనడిగింది," అని ఏడుపు గొంతుతో అంటూనే మామ మళ్ళీ పరిగెత్తాడు. ఆయన ఉప్పు సీసాతో వచ్చేలోపు అమ్మకు ఇంకోసారి మూర్ఛ వచ్చింది, నేను ఆమె తల ఒడిలో పట్టుకొని వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాను. ఈసారి కలిపిన మందు తేటగా ఉంది. అది ఎక్కుతూ ఉంటే అమ్మ దవడ మెల్లగా వదులైంది. నాయన గోడకు ఆనుకొని కూలబడి, నన్ను తిట్టిన నోటితోనే బిడ్డా బిడ్డా అని ఏడ్చాడు.

ఆ తర్వాత అమ్మ చాలా ఏళ్ళు బతికింది. వీధిలో ఎవరికి సీసా పెట్టారన్నా సరే, పలకరింపు కంటే ముందు "ఉప్పుదా, తీపిదా?" అని అడిగేది, అందరూ నవ్వేవాళ్ళు, ఆమె మాత్రం జవాబు చెప్పేదాకా వదిలేది కాదు. ఇప్పుడు మిషన్లే కూత పెట్టి మనల్ని హెచ్చరిస్తాయి, మంచిదే, కాదనను. కానీ మొన్న ఆ మంచం మీద, నా వాళ్ళందరూ చుట్టూ నిలబడి ఫోన్లు చూసుకుంటూ ఉంటే, ఒక్కరైనా ఆ మాట అడుగుతారేమోనని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. అమ్మ ఉంటే అడిగేది.