పక్కింటావిడ పెట్టిన మందు

ఊరికే ఇచ్చే ఆకుకూరను నేను నమ్మను. కోవిల్‌పట్టిలో మా వీధి వెనక మూతపడిన అగ్గిపెట్టెల షెడ్డు ఉంది. దాని పక్క ఖాళీ జాగాలో మా వీధి ఆడవాళ్ళు తోట వేసి, తోటకూర, పాలకూర కోసి ఇంటింటికీ పంచడం మొదలుపెట్టారు. ఇందులో ఎవరి స్వార్థం ఉందో అని ఆలోచించింది నేనొక్కదాన్నే. ఎలక్షన్లు వస్తున్నాయా? జాగా కాజేసే ఎత్తా? బజారు కూర వాడిపోయి, పురుగుమందు కంపు కొడుతుందని వాళ్ళు అనేది నిజమే. కానీ ఆ షెడ్డులో నేను పదేళ్ళు పనిచేశాను. పుల్లలకు అద్దే మందు కడిగిన నీళ్ళు ఎక్కడ పారబోసేవాళ్ళో నాకు తెలుసు. బండ్లతో నల్లమట్టి తెచ్చి పోశాం అన్నారు. ఏ చేలోంచి తెచ్చారని అడిగాను.

ఆ తోటకు పెద్ద మా పక్కింటావిడ. ఒకప్పుడు నా పక్కనే కూర్చుని అగ్గిపెట్టెలు అంటించిన మనిషి. అందుకే ఆమె మీద ఇంకాస్త ఎక్కువ కన్నేసి ఉంచాను.

అప్పుడు నా కోడలికి ఏడో నెల. ఒంట్లో రక్తం చాలదని, ఇలాగే ఉంటే కాన్పు కష్టమని నర్సమ్మ గట్టిగా చెప్పింది. ఇచ్చిన మాత్రలు వేసుకుంటే పిల్ల కక్కేసేది. ఆకుకూరలు బాగా పెట్టమన్నారు. నేను బస్సెక్కి విరుదునగర్ పోయి మా తమ్ముడి చేలో కోసుకొచ్చేదాన్ని. బస్సు దిగేసరికి అదీ వాడిపోయేది. అయినా మనది కదా. తోట నుంచి వచ్చిన కట్టను మాత్రం మేకకు వేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే గోడ అవతల పక్కింటావిడ ఎవరితోనో అంటోంది.

"ఆ పిల్లకని తోట మూలలో మందు పెట్టుండాను. అత్తకు తెలిస్తే తిననీదు. ఎవురికీ చెప్పొద్దు."

మందు పెట్టడమంటే మావాళ్ళలో మంచి అర్థం లేదు. తిండిలో ఏదో కలిపి మనిషిని తమవైపు తిప్పుకోవడమో, పాడుచేయడమో. నా ఒళ్ళు మండిపోయింది. కోడలి కడుపులో బిడ్డ గుర్తొచ్చింది.

చేతులైనా కడుక్కోకుండా తోటకు పరిగెత్తాను. మూలలో నిలువుగా పాతిన కట్టె ఒకటి ఉంది. కొన మీద పేడముద్ద, దాని చుట్టూ కట్టిన గుడ్డ. ఆ గుడ్డ నా కోడలి పాత చీర పేలిక. ఇంకేం కావాలి? రెండు చేతులా పట్టి పీకేశాను. అడుగున తెల్లటి లేత వేర్లు కనబడ్డాయి.

నా వాలకం చూసి పక్కింటావిడ పరుగున వచ్చింది. ఆమె వెనకే ఆయాసపడుతూ నా కోడలు.

"ఏమి పెట్టినావే నా కోడలికి?" అని అరిచాను.

"మునగ పెట్టినానక్కా. రక్తం లేనిదానికి మునగాకు కంటే మందేముండాది? కడుపుతో ఉండేవాళ్ళకు వేడి అని నువ్వు తిననీవే. అందుకే చెప్పలేదు."

మొక్క నాటడాన్ని కూడా మేం పెట్టడమనే అంటాం. కొమ్మ ఎండిపోకుండా కొనకు పేడ పెట్టి గుడ్డ చుట్టడం మా అమ్మ చేస్తుండగా ఎన్నిసార్లో చూశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అయినా నా నోరు ఊరుకోదు కదా.

"మరి చీర గుడ్డ ఎట్ల వచ్చె?"

"నేనే ఇచ్చినానత్తా," అంది కోడలు. "ఈ అక్క ఇంట్లోనే దినమూ తోట ఆకు తింటా ఉండాను. నీకు చెప్పేదానికి బయం."

కొమ్మను మళ్ళీ గుంటలో నిలబెట్టి మట్టి కప్పాను. పక్కింటావిడ చెంబుతో నీళ్ళు పోసింది. ఆకు తినడం ఎప్పుడు మొదలైందో తెలుస్తుందని కోడల్ని అడిగాను.

"ఎప్పటినుంచే ఈ బయం?"

పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"మీ ఇంటికి వచ్చినప్పటినుంచి," అంది.